ఆర్‌సీసీబీ ఊరికే పడిపోదు
ఇంటి కరెంటు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు: ఇంటి లైన్లన్నీ విడిపోయే డీబీ బాక్సులో స్విచ్చి పడిపోతోంది, ఎత్తితే మళ్లీ పడుతోంది. జవాబులు చదివే ముందు మీ ఇంట్లో పడుతున్నది ఏదో చూసుకోండి. సన్నగా, ఒక్క మీటతో ఉండేది ఎంసీబీ. లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా అది పడుతుంది. కాస్త వెడల్పుగా ఉండి, మీట పక్కన 'టి' అని రాసిన చిన్న బటన్ ఉండేది ఆర్‌సీసీబీ. కరెంటు ఎక్కడో నేలలోకి కారుతుంటే ఇది పడుతుంది. మన ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ దీన్ని ఈఎల్‌సీబీ అనే పిలుస్తారు. ఇంకో మాట. ప్లగ్గులు పీకి చూడటం ఎవరైనా చేయవచ్చు. డీబీ మూత తీసి చేయాల్సిన పనులు మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌వి. మెయిన్ ఆపినా, దానికి మీటర్ నుంచి వచ్చే వైర్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది.

ప్రశ్న: మా ఆర్‌సీసీబీ రోజుకు రెండు మూడుసార్లు పడుతోంది. సాయంత్రం పూట మరీ ఎక్కువ. ఎలక్ట్రీషియన్ ఎంసీబీలు ఒక్కొక్కటీ ఆపి చూశాడు. అన్నీ ఆపేసినా ఒకసారి పడింది. "స్విచ్చే పోయిందమ్మా" అని కొత్తది వేశాడు. అదీ పడుతోంది. ఇప్పుడేం చేయాలి?
ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కొత్తదీ పడుతోందంటే పాతది బాగానే ఉండి ఉంటుంది. దాన్ని పారేయకండి. లోపం వెతికిన పద్ధతిలో ఉంది. మన ఇళ్లలో ఒక్కో లైనుకు వేసేవి దాదాపు అన్నీ సింగిల్ పోల్ ఎంసీబీలు. అవి కరెంటు తెచ్చే ఫేజు వైరును మాత్రమే తెంపుతాయి. దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ వైర్లన్నీ (నల్లవి) డీబీలోని లింకు అనే లోహపు పట్టీ మీద కలిసే ఉంటాయి. ఎక్కడైనా నల్ల వైరు ఎర్తుకు తగులుతుంటే, ఎంసీబీలన్నీ కిందికి దించినా ఆ తగులు తెగదు.

ఆర్‌సీసీబీ లోపల ఒక రింగు ఉంటుంది. ఫేజు, న్యూట్రల్ రెండూ దాని గుండా వెళతాయి. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నంతసేపు రింగులో ఏమీ జరగదు. తేడా వస్తే స్విచ్చి పడుతుంది. 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ 15 దాకా పడకూడదు, 30కి కచ్చితంగా పడాలి. న్యూట్రల్ ఎర్తుకు తగిలినప్పుడు తిరుగు కరెంటులో కొంత నేలదారి పడుతుంది, రింగుకు తేడా కనిపిస్తుంది. ఇంట్లో లోడు పెరిగేకొద్దీ ఆ వాటా కూడా పెరుగుతుంది. అందుకే ఏ తప్పూ లేని మిక్సీ వేసినా స్విచ్చి పడి, నింద మిక్సీ మీదికి పోతుంది.

మరి లోడేమీ లేనప్పుడు ఎందుకు పడాలి? మీ వీధిలో అందరి కరెంటూ ట్రాన్స్‌ఫార్మర్‌కు తిరిగి వెళ్లేది ఒకే న్యూట్రల్ మీదుగా. వాడకం ఎక్కువున్న వేళ ఆ వైరుకూ భూమికీ మధ్య రెండు మూడు వోల్టులు రావడం మామూలే. తగులు దారి మొత్తం నిరోధం 20 ఓములు అనుకోండి. 2 వోల్టులకే 100 మిల్లీ ఆంపులు పారతాయి, ఎంసీబీలన్నీ ఆపి ఉన్నా సరే. సాయంత్రం పూట మీది ఎక్కువగా పడుతోందంటే మొదటి అనుమానం దీని మీదే.

వెతకాల్సిన వరుస ఇది. ముందుగా ఇంట్లో ఉన్న ప్లగ్గులన్నీ పీకేయండి. స్విచ్చి ఆపితే చాలదు, గోడ స్విచ్చి కూడా ఫేజునే తెంపుతుంది. టీవీ వెనకది, ఫ్రిజ్ వెనకది, వైఫై అడాప్టరు, గేటు దగ్గర కెమెరా అడాప్టరు, అన్నీ. ఏసీ, గీజరు, ఇన్వర్టర్ కూడా ప్లగ్గు మీదుంటే తీసేయండి. ఇప్పుడు ఆర్‌సీసీబీ ఎత్తి, పడే వేళ దాకా చూడండి. నిలబడిందంటే తప్పు వస్తువులదే. ఒక్కొక్కటే పెట్టండి. ముందు గోడ స్విచ్చి ఆపి ఉంచి ప్లగ్గు దూర్చండి, ఆ తర్వాత స్విచ్చి వేయండి. స్విచ్చి వేయకముందే, ప్లగ్గు దూర్చగానే పడిందా? ఆ వస్తువు లోపల న్యూట్రల్ బాడీకి తగులుతోంది. స్విచ్చి వేశాక పడితే చాలావరకు ఫేజు వైపు లీకు. ఇంత సులువుగా లోపం ఏ వైపుందో చెప్పే పరీక్ష ఇంకోటి లేదు, ఖర్చూ లేదు.

ప్లగ్గులన్నీ తీసినా పడుతుంటే ఇక ఎలక్ట్రీషియన్ పని. మెయిన్ ఆపి, కరెంటు లేదని మల్టీమీటర్‌తో చూసుకుని, ఆర్‌సీసీబీ నుంచి ఇంట్లోకి వెళ్లే రెండు వైర్లనూ విప్పమనండి. మెయిన్ వేసి, ఆర్‌సీసీబీ ఎత్తాలి. కింద ఏ వైరూ లేకుండానే పడితే స్విచ్చి పాడైనట్టే. నిలబడి, టెస్ట్ బటన్‌కు పడితే స్విచ్చి మంచిది, రోగం గోడల్లో ఉంది.

అప్పుడు మళ్లీ మెయిన్ ఆపి, లింకు మీది న్యూట్రల్ వైర్లను విప్పి, ఏది ఏ ఎంసీబీకి జతో చీటీ అంటించాలి. మీ ఎలక్ట్రీషియన్ వదిలేసిన పని ఇదే. ఒక్కో న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య, ఆ తర్వాత ఒక్కో ఫేజుకూ ఎర్తుకూ మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు తొడుగు లీకును పట్టే పరికరం) కొలవాలి. బల్బులు, ఫ్యాన్ రెగ్యులేటర్ల వంటి ఎలక్ట్రానిక్ సరుకు లైను మీద లేకుండా చూసుకోవాలి, లేకపోతే అవి దెబ్బతింటాయి. 1 మెగా ఓమ్ దాటితే ఆ లైను మంచిది. బాగున్న లైనులో పదులు, వందల మెగా ఓములు చూపిస్తుంది. మామూలు మల్టీమీటర్ చిన్న బ్యాటరీ వోల్టుల మీద కొలుస్తుంది కాబట్టి వైరు నేరుగా తగిలితే పట్టుకుంటుంది గానీ, చెమ్మ లీకు దానికి అందదు.

మెగ్గర్ లేని ఊళ్లో ఉంటే, న్యూట్రల్ వైర్లను ఒక్కొక్కటే లింకుకు బిగిస్తూ, ప్రతిసారీ మెయిన్ ఆపి వేస్తూ చూడాలి. ఏ వైరు బిగించాక పడిందో ఆ లైనుదే తప్పు. తర్వాత వెతకాల్సిన చోట్లు కొన్నే: ఇనుప స్విచ్ బోర్డు పెట్టె అంచుకు నలిగిన వైరు, ఫ్యాను రాడ్డు పైకప్పులో చేరేచోట, ఈమధ్య ఫోటో ఫ్రేముకో టీవీ స్టాండుకో డ్రిల్లు వేసిన గోడ, పైపు మధ్యలో టేపు చుట్టి వదిలేసిన అతుకు.

ప్రశ్న: వాన పడిన రాత్రి ఆర్‌సీసీబీ పడుతుంది. మర్నాడు మధ్యాహ్నానికి ఎత్తితే నిలబడుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చేసరికి అంతా బాగుంటుంది. వానాకాలం నాలుగు నెలలూ ఆర్‌సీసీబీ దాటించి డైరెక్ట్ ఇప్పించుకోవచ్చా?
ఓ పాఠకుడు, కాకినాడ

జవాబు: వద్దు. గోడలూ గ్రిల్లూ తడిసి ఉండే కాలంలోనే అది ఎక్కువ అవసరం. ఇళ్లకు లీకేజీ రక్షణ 30 మిల్లీ ఆంపులు దాటకూడదని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలూ చెబుతున్నాయి.

తడి ఉన్నప్పుడే కొలవాలి, ఎండాక మీటర్ ఏమీ చూపదు. వాన వెలిసిన వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవడం కుదరదు కాబట్టి పని ముందే విభజించి పెట్టుకోండి. ఆరుబయట ఉన్నవాటన్నిటినీ కాగితం మీద రాయండి: గేటు లైటు, కాలింగ్ బెల్ బటన్, డాబా మీద సాకెట్, బోరు మోటారు స్టార్టర్, ఏసీ బయటి యూనిట్, కెమెరా. వాటిలో ఒక్కో లైనును, ఎంసీబీ ఆపడమే కాకుండా న్యూట్రల్ కూడా విప్పించి, ఒక్కో వానకు ఒక్కోటి పక్కన పెట్టి చూడండి. ఏది విప్పి ఉన్నప్పుడు వానకు పడలేదో అదే దొంగ.

కోస్తాలో ఎక్కువగా కనిపించేవి రెండు. గేటు స్తంభం మీది లైటులోకి వైరు పైనుంచి దిగితే, ఆ వైరు వెంటే నీళ్లు లోపలికి జారతాయి. వైరు కింది నుంచి ఎక్కాలి, ఎక్కే ముందు కిందికి ఒక వంపు ఉండాలి. నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. రెండోది, డాబా స్లాబులో నుంచి దిగే, వైర్లు నడిచే కండ్యూట్ పైపు. పై మూతి తెరిచి ఉంటే పైపు నిండా నీళ్లు నిలుస్తాయి. వైరు నిఖార్సైనదైతే నీళ్లలో ఉన్నా లీకవదు. మధ్యలో అతుకు ఉంటేనే లీకవుతుంది, ఉప్పుగాలికి టేపు జిగురు త్వరగా ఊడుతుంది. పైపు లోపల అతుకు ఉండకూడదు. అతుకులన్నీ మూత గట్టిగా బిగిసే వాటర్‌ప్రూఫ్ జంక్షన్ పెట్టెలోకి రావాలి.

బోరు మోటారు మీద అనుమానం ఉంటే స్టార్టర్ దగ్గర మోటారు వైర్లు విప్పించి ఒక్కోదానికీ ఎర్తుకూ మధ్య మెగ్గర్ పెట్టించండి. బోరులో నీళ్ల కింద ఉండే కేబుల్ అతుకు దగ్గరే సాధారణంగా తేడా వస్తుంది. బయటి లైన్లన్నిటికీ వేరే ఆర్‌సీసీబీ వేయించుకుంటే, గేటు లైటు తడిసినందుకు ఫ్రిజ్ ఆగిపోయే బాధ తప్పుతుంది. వేరే వేసేటప్పుడు వాటి న్యూట్రల్‌కూ వేరే లింకు ఉండాలి. ఇది మర్చిపోతే ఏమవుతుందో ఇన్వర్టర్ జవాబులో చూడండి.

ప్రశ్న: గీజరు వేసిన అయిదారు నిమిషాలకు ఆర్‌సీసీబీ పడుతుంది. చల్లారాక మళ్లీ వేస్తే మళ్లీ అంతే. కాయిల్ మంచిదే, నీళ్లు వేడెక్కుతున్నాయి కదా అంటున్నాడు మెకానిక్. మాది బోరునీళ్లు.
ఓ పాఠకురాలు, నల్గొండ

జవాబు: నీళ్లు వేడెక్కడానికీ కాయిల్ లీకవకపోవడానికీ సంబంధం లేదు. గీజరు ఎలిమెంట్ (మీ మెకానిక్ కాయిల్ అన్నది దీన్నే) పైకి రాగి గొట్టంలా కనిపిస్తుంది. లోపల సన్నని తీగ చుట్ట, చుట్టకూ గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి ఉంటుంది. పొడిగా ఉన్నంతకాలం అది కరెంటును ఆపుతుంది. కఠిన జలంతో గొట్టం మీద సున్నం పొర కట్టి, కింద లోహం అతిగా వేడెక్కి, వెంట్రుక మందం పగులు వచ్చినా చెమ్మ ఆ పొడిలోకి చేరుతుంది. చల్లగా ఉన్నప్పుడు కాస్త లీకు, వేడెక్కేకొద్దీ ఎక్కువ. తీగ తెగలేదు కాబట్టి నీళ్లు యథాప్రకారం కాగుతూనే ఉంటాయి.

మెకానిక్‌ను ఇలా చూడమనండి. గీజరు ప్లగ్గు తీసి, ఎలిమెంట్ రెండు కొసలకూ ఉన్న వైర్లు విప్పాలి. కొసకూ కొసకూ మధ్య 2 కిలోవాట్ల ఎలిమెంట్‌కు సుమారు 26 ఓములు, 3 కిలోవాట్లకు సుమారు 18 ఓములు రావాలి. ఇది తీగ పరీక్ష మాత్రమే, మీ మెకానిక్ చూసింది ఇదే అయ్యుంటుంది. అసలు పరీక్ష కొసకూ గీజరు బాడీకీ మధ్య, మెగ్గర్‌తో, నీళ్లు వేడిగా ఉన్నప్పుడే. మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే ఎలిమెంట్ మార్చేయాలి. కొన్ని కిలో ఓముల్లోకి దిగిందంటే స్విచ్చి పడటం ఖాయం: 230 వోల్టులకు 7.7 కిలో ఓములంటే లెక్క ప్రకారం దాదాపు 30 మిల్లీ ఆంపులు.

ఎలిమెంట్ మార్చేటప్పుడు రబ్బరు వాషరు, ట్యాంకును తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం రాడ్డు కూడా చూడమనండి. రాడ్డు సగానికి పైగా కరిగిపోయి ఉంటే మార్చాలి. సున్నం ముక్కలు ట్యాంకు అడుగున పేరుకుని ఉంటే కడిగించాలి, లేకపోతే కొత్త ఎలిమెంట్‌కూ అదే గతి. థర్మోస్టాట్ మీద వేడిని చివరి దాకా తిప్పకుండా 55, 60 డిగ్రీల దగ్గర ఉంచితే సున్నం నెమ్మదిగా కడుతుంది. మార్చేదాకా గీజరుకు ప్లగ్గు పెట్టకండి. బకెట్లో వేసే హీటరు రాడ్డు దానికి ప్రత్యామ్నాయం అనుకుంటే పొరపాటే, అదీ ఇదే జాతి ఎలిమెంట్.

ప్రశ్న: కొత్త ఇన్వర్టర్ పెట్టించాం. కరెంటు పోయినప్పుడు అన్నీ బాగా నడుస్తాయి. కరెంటు రాగానే ఆర్‌సీసీబీ పడుతుంది. ఇన్వర్టర్ కంపెనీవాళ్లు వైరింగ్ తప్పంటారు, ఎలక్ట్రీషియన్ ఇన్వర్టర్ తప్పంటాడు.
ఓ పాఠకుడు, తిరుపతి

జవాబు: చాలావరకు వైరింగే. ఇన్వర్టర్‌కు ఫేజును ఆర్‌సీసీబీకి ముందు, మెయిన్ దగ్గర తీసుకుని, ఫ్యాన్లూ లైట్ల న్యూట్రల్‌ను మాత్రం పాత లింకు మీదే, అంటే ఆర్‌సీసీబీ తర్వాత, వదిలేసి ఉంటారు. కరెంటు ఉన్నప్పుడు ఫ్యాను కరెంటు రింగును తప్పించుకుని వెళ్లి, రింగు గుండా తిరిగి వస్తుంది. స్విచ్చికి అది లీకులాగే కనబడుతుంది. 9 వాట్ల బల్బు ఒక్కటి వెలిగినా 40 మిల్లీ ఆంపుల దాకా తేడా. కరెంటు పోయాక ఆ చుట్టు ఇన్వర్టర్‌కూ ఫ్యానుకూ మధ్యే తిరుగుతుంది కాబట్టి సమస్య కనిపించదు.

సరిచేసే దారి ఒకటే సూత్రం మీద ఉంది: ఏ లైనుదైనా ఫేజు, న్యూట్రల్ రెండూ ఆర్‌సీసీబీకి ఒకే పక్కన ఉండాలి. ఇన్వర్టర్‌కు ఇచ్చే ఫేజునూ ఆర్‌సీసీబీ తర్వాతికి మార్చించడం తేలిక. దానికన్నా మంచిది, ఇన్వర్టర్ లైన్ల న్యూట్రల్ వైర్లను ఏరి వేరే లింకు మీద పెట్టి, ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కు సొంతంగా 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ వేయించడం. పాత ఇళ్లలో రెండు గదుల లైట్లకు ఒకే న్యూట్రల్ లాగేసి ఉంటే ఇది కుదరదు, ఆ వైరు కొత్తగా లాగాల్సిందే.

ప్రశ్న: వంటింటి ఎంసీబీ మీద సి16 అని ఉంది. ఇండక్షన్ స్టవ్, ఓవెన్, కెటిల్ కలిపి వాడితే పావుగంటకో అరగంటకో పడుతుంది. 32 వేస్తే పడదంటున్నాడు ఎలక్ట్రీషియన్.
ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: నిజమే, పడదు. బదులుగా గోడలో వైరు కాలుతుంది.

లెక్క చూడండి. ఇండక్షన్ 2000 వాట్లు, ఓవెన్ 1200, కెటిల్ 1500. మొత్తం 4700 వాట్లు, 230తో భాగిస్తే 20 ఆంపులు దాటింది. 16 ఆంపుల ఎంసీబీ తన రేటింగుకు 1.13 రెట్ల దాకా గంటసేపైనా మోస్తుంది, 1.45 రెట్లయితే గంటలోపు పడాలి. మీ లోడు 1.28 రెట్లు, మధ్యలో ఉంది. అందుకే వెంటనే పడకుండా కాసేపాగి పడుతోంది. ఎంసీబీ రేటింగులు 30 డిగ్రీల వేడిని లెక్కలోకి తీసుకుని ఇచ్చినవి. మే నెలలో, ఎండ కాసే గోడకు డీబీ ఉంటే ఇంకా ముందే పడుతుంది, అందులో దాని తప్పేం లేదు.

వంటింటి సాకెట్లకు సాధారణంగా 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తారు. పైపులో ఉన్న ఆ వైరుకు 16 లేదా 20 ఆంపుల ఎంసీబీయే సరి. 32 వేస్తే 36 ఆంపులు పారుతున్నా గంటసేపు ఊరుకుంటుంది. పీవీసీ తొడుగు ఓర్చుకునేది 70 డిగ్రీలే. ఇండక్షన్ స్టవ్‌కు డీబీ నుంచి నేరుగా 4 స్క్వేర్ ఎంఎం వైరు లాగి, వేరే 20 ఆంపుల ఎంసీబీ వేయించుకోండి. అది అయ్యేదాకా కెటిల్‌ను హాల్లో పెట్టుకోండి.

ఆ పని చేసేటప్పుడే ఎంసీబీ కింది స్క్రూ చూడమనండి. వదులుగా ఉంటే ఆ జాయింటు వేడికే ఎంసీబీ తక్కువ లోడుకు కూడా పడుతుంది. వైరు కొస తొడుగు గోధుమరంగు తిరిగిందా, గట్టిపడి విరుగుతోందా చూస్తే తెలిసిపోతుంది. ఆ కొసను కత్తిరించి, కొత్త రాగి తేలేదాకా చెక్కి బిగించాలి. వేసిన క్షణంలోనే పడేది మాత్రం ఓవర్‌లోడు కాదు, షార్ట్. దాన్ని మళ్లీ మళ్లీ ఎత్తి చూడకూడదు.

ప్రశ్న: టెస్ట్ బటన్ నొక్కితే పడుతోంది. అంటే మా ఇంటి ఎర్తింగ్ బాగున్నట్టేనా?
ఓ పాఠకుడు, అనంతపురం

జవాబు: కాదు. ఆ బటన్ ఎర్తును ముట్టుకోనే ముట్టుకోదు. లోపలి చిన్న రెసిస్టర్ గుండా కాస్త కరెంటును రింగు పక్కనుంచి దాటిస్తుంది, అంతే. ఎర్తు అసలే లేని ఇంట్లోనూ పడుతుంది. మీట, స్ప్రింగు బిగుసుకుపోలేదని మాత్రం చెబుతుంది. ఏళ్ల తరబడి కదలని మీట అవసరానికి కదలకపోవడం ఈ స్విచ్చిలకున్న పెద్ద జబ్బు. అందుకే కంప్యూటర్ ఆపుకుని నెలకోసారి నొక్కండి. నొక్కి పట్టుకోవద్దు, రెసిస్టర్ మాడుతుంది. సప్లై సరిగ్గా ఉండి కూడా పడకపోతే ఆ రోజే మార్పించండి.

అసలు పరీక్ష ఆర్‌సీడీ టెస్టర్‌తో, అంటే ఆర్‌సీసీబీలను పరీక్షించే పరికరంతో. 15 మిల్లీ ఆంపులకు పడకూడదు. 30కి 300 మిల్లీ సెకన్లలోపు, 150కి 40 మిల్లీ సెకన్లలోపు పడాలి. ఎన్ని మిల్లీ ఆంపుల దగ్గర పడుతుందో కూడా ఆ పరికరం చూపుతుంది. కొందరు ఫేజుకూ ఎర్తుకూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూస్తారు. దాని గుండా 430 మిల్లీ ఆంపులు పోతాయి. 30కి పడుతుందో లేదో దాంతో ఏం తెలుస్తుంది? పైగా ఎర్తు వైరు ఎక్కడైనా తెగి ఉంటే, బల్బు పెట్టినంతసేపూ ఇంట్లోని ఎర్తు పిన్నులన్నిటికీ ఫేజు ఎక్కి కూర్చుంటుంది.

ప్రశ్న: పాత ఇల్లు, ఎర్తు వైరు లేదు. వాషింగ్ మెషీన్ బాడీ జివ్వుమంటోందని సాకెట్‌లో ఎర్తు పిన్నుకూ న్యూట్రల్‌కూ చిన్న ముక్క వైరు కలిపారు. ఇప్పుడు జివ్వుమనడం లేదు. అలా ఉంచవచ్చా?
ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఈరోజే తీయించండి. స్తంభం దగ్గరో మీటర్ దగ్గరో న్యూట్రల్ ఊడిన రోజు, ఫేజు మోటారు గుండా వచ్చి ఆ ముక్క వైరు మీదుగా మెషీన్ బాడీకి ఎక్కుతుంది. ఎవరో ఫేజు, న్యూట్రల్ తారుమారు చేసినా అంతే. ఆర్‌సీసీబీ ఉన్నా ఆ మెషీన్‌లో లీకైన కరెంటు న్యూట్రల్ గుండానే తిరిగి వస్తుంది కాబట్టి దానికి తేడా కనిపించదు. రక్షణ ఉందనుకుంటూ లేకుండా ఉండటమన్న మాట.

ఎర్తు గుంత తీయించి, పచ్చ వైరు లాగించండి. కానీ ఎర్తు ఉంటే ఎంసీబీ పడిపోతుందిలే అనుకోవద్దు. మీ ఎర్తు నిరోధం 10 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ వైపు 2 ఓములు అనుకుంటే, ఫేజు పూర్తిగా బాడీకి తగిలినా 19 ఆంపులే పారతాయి. 16 ఆంపుల ఎంసీబీ దానికి గంటైనా పడకపోవచ్చు. అంతసేపూ మెషీన్ బాడీ మీద 190 వోల్టులు ఉంటాయి. ఆర్‌సీసీబీ ఉంటే సెకనులో చిన్న భాగంలో తెంపేస్తుంది. అంటే రెండూ కావాలి. ఎర్తు లేకుండా ఆర్‌సీసీబీ మాత్రమే ఉంటే, లీకును అది మనిషి ముట్టుకున్నాకే కనిపెడుతుంది.

ప్రశ్న: ఇల్లంతా చూశారు, లైన్లన్నీ మంచివే. అయినా ఏ అర్ధరాత్రో, ఏ తెల్లవారుజామునో పడుతుంది.
ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఫ్రిజ్‌ను చూడండి. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో మంచు కరిగించే చిన్న హీటరు కొన్ని గంటలకోసారి తనంతట తాను వేసుకుంటుంది. దానిలో చెమ్మ చేరితే ఆ కాసేపే లీకు. ఎలక్ట్రీషియన్ వచ్చిన వేళ అది నడుస్తూ ఉండదు. రెండు రాత్రులు ఫ్రిజ్‌కు ఆర్‌సీసీబీకి ముందునుంచి లైను ఇచ్చి చూడమని ఎవరైనా చెబితే వినకండి. హీటరు కొసలకు మెగ్గర్ పెట్టిస్తే తేలిపోతుంది.

ఫ్రిజ్ కాకపోతే, లీకులన్నీ కలిసి గట్టు దాటుతున్నాయేమో. కంప్యూటర్, ఇన్వర్టర్ ఏసీ, వాషింగ్ మెషీన్ వంటివాటి ఫిల్టర్ల నుంచి ఏ లోపం లేకున్నా తలా ఒకటి రెండు మిల్లీ ఆంపులు ఎర్తులోకి పోతుంటాయి. లీకేజీ క్లాంప్ మీటర్‌ను ఫేజు, న్యూట్రల్ రెండిటికీ కలిపి పెడితే మొత్తం తేడా ఎంతో చూపిస్తుంది. 9 మిల్లీ ఆంపులు దాటితే ఒకే ఆర్‌సీసీబీ మీద ఇల్లంతా ఉంచకుండా రెండుగా విడగొట్టించండి. కొనేటప్పుడు 'ఏ' టైపు అడగండి. ఎలక్ట్రానిక్ వస్తువుల లీకు సాఫీగా ఉండదు. చవకగా దొరికే 'ఏసీ' టైపు (ఎయిర్ కండిషనర్‌తో దీనికి సంబంధం లేదు) అలాంటి లీకుకు సరిగ్గా స్పందించకపోవచ్చు. పెట్టె మీద భారతీయ ప్రమాణం ఐఎస్ 12640 గుర్తు ఉండాలి. ఆర్‌సీసీబీ రేటింగు పైనున్న మెయిన్ ఎంసీబీకన్నా తక్కువ కాకూడదు, 32 మెయిన్‌కు 40 ఆంపులది తీసుకోండి.

ప్రశ్న: ఇక్కడ అమెరికాలో బాత్రూమ్ సాకెట్‌కే టెస్ట్, రీసెట్ బటన్లు ఉంటాయి. విజయవాడలో అమ్మానాన్నల ఇంటికి అలాంటివి నాలుగు తెచ్చి పెట్టించవచ్చా?
ఓ పాఠకుడు, డాలస్

జవాబు: తేకండి. అవి 120 వోల్టులకు చేసినవి, మన ప్లగ్గు వాటిలో పట్టదు కూడా. వాటిలో మంచి గుణం ఏమిటంటే 4 నుంచి 6 మిల్లీ ఆంపులకే తెంపేస్తాయి. ఇక్కడ దానికి దగ్గరగా కావాలంటే బాత్రూమ్ లైనుకు 10 మిల్లీ ఆంపుల ఆర్‌సీబీఓ వేయించండి. అందులో ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. ఇల్లంతటికీ 10 వేస్తే మాత్రం పొద్దుకు నాలుగుసార్లు పడి, విసిగిపోయిన పెద్దవాళ్లు ఎవరినో పిలిచి దాన్ని తీయించేస్తారు. మిగతా ఇంటికి 30 చాలు.